పేరు కొట్టించిన పళ్ళెం

మా బడిలో వంట చేసే తవిటమ్మ ఒక్క రాత్రి అరకు వెళ్ళి పడుకుని వస్తానంది. అంతే. కాశీ అనలేదు, రామేశ్వరం అనలేదు. ఒక్క రాత్రి. దానికి ఊరు ఊరంతా ఆవిడ మీద పడింది. ఆ రాత్రి కోసం ఆవిడ ఎన్ని మాటలు పడిందో, పక్కనుండి నేనెన్నిసార్లు పళ్ళు కొరుక్కున్నానో ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

నా పేరు మహతి. మాది శ్రీముఖలింగం. మా నాన్నగారు, ఆయన నాన్నగారు గుళ్ళో కీర్తనలు పాడినవాళ్ళు. ఇంట్లో అందరికీ గొంతు వచ్చింది, దీనికి నోరు వచ్చింది అంటుంది మా అమ్మ నన్ను చూపించి. ఆ నోరు పెట్టుకుని ఆరేళ్ళుగా నౌపడ దగ్గర ఒక ఊళ్ళో తెలుగు టీచరుగా పనిచేస్తున్నాను.

తవిటమ్మది ఆ ఊరే. ఆవిడ కంటే ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. అందుకని ఈవిడ పుట్టగానే పక్కింటావిడకి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. అలా తవుడిచ్చి కొన్న పిల్లలు బతుకుతారని మా వైపు నమ్మకం. బతికింది. తల్లి ఉప్పుమళ్ళలో పనికి వెళ్తే ఆరేళ్ళకే ఇంట్లో పొయ్యి దగ్గర కూచుంది. పదహారేళ్ళకి గణపతిరావుకిచ్చి పెళ్ళి చేస్తే అత్తగారి పొయ్యి దగ్గర కూచుంది. ఇరవయ్యేళ్ళ కిందట బడిలో మధ్యాహ్న భోజనం వండే పని వస్తే అక్కడికొచ్చి కూచుంది. "పొయ్యి మారినాది గాని నాను మార్లేదు టీచరమ్మా" అంటుంది నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాదు.

నూట ఎనభై మంది పిల్లలు. పొద్దున్నే రాగి జావ, మధ్యాహ్నం అన్నం, పప్పో సాంబారో, గుడ్డు. పిల్లలు తిన్నాక మేం టీచర్లం తింటాం. మేం తిన్నాక గిన్నెలన్నీ బోర్లించి, అడుగున మిగిలింది ఏదో గీకి, ఆ గిన్నె మూతలోనే వేసుకుని నిలబడి తినేది తవిటమ్మ. నేను ఆరేళ్ళు చూశాను. ఒక్క రోజు కూడా "ఈవిడకి పళ్ళెం లేదా?" అని నా బుర్రకి తట్టలేదు. నా కోపంలో ఒక వంతు నా మీద కూడా ఉంది, ముందే చెప్పేస్తున్నాను.

ప్రతి ఏడూ నవంబరు చివర్లో మా పిల్లల్ని అరకు తీసుకెళ్తాం. ఆ రోజు తెల్లవారకుండానే తవిటమ్మ వచ్చి రెండు పెద్ద గంగాళాలకి పులిహోర కలుపుతుంది. బస్సు కదిలేదాకా ఉండి, చెయ్యి ఊపి, గంగాళాలు తోముకుంటుంది. ఈ ఏడు తిరిగొచ్చాక ఆరో తరగతి పిల్ల ఒకతె ఆవిడకి రైలు గురించి, సొరంగాల గురించి చేతులు తిప్పుతూ చెప్పింది. ఆ మర్నాడు తవిటమ్మ జావ గరిటె పట్టుకుని నన్నడిగింది.

"టీచరమ్మా, రైలు సొరంగంలోకెల్తే ఎంతసేపు సీకటుంటాది?"

"అదేంటక్కా, నువ్వెప్పుడూ చూడలేదా?" అన్నాను.

"నానెప్పుడెల్నాను?"

ఇరవయ్యేళ్ళుగా ఆవిడ పులిహోర అరకు వెళ్తోంది. ఆవిడ వెళ్ళలేదు.

"వెళ్దామా?" అన్నాను.

తవిటమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి, చేతులు తుడుచుకుని చెప్పింది. "ఒక్క రేతిరి, టీచరమ్మా. పొద్దున్నే లెగిసి నాను పొయ్యి ముట్టించకూడదు. ఎవులో వొండాల, ఎవులో పెట్టాల. నాను కూకుని తినాల. అంతే. అది సాలు." కొండలూ జలపాతాలూ ఏవీ అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పొద్దుట ఇంకొకరి చేతి టిఫిను కూచుని తినాలి. యాభై ఆరేళ్ళ మనిషి కోరిక అది.

డిసెంబరులో అరకులో హోటలు గదులు దొరకాలంటే పెట్టి పుట్టాలి. ఫోనులో వెతగ్గా వెతగ్గా ఒక హాస్టల్ దొరికింది. గది కాదు, మంచాలు ఇస్తారు. ఆడవాళ్ళకే ఒక గది, అందులో ఎనిమిది మంచాలు, పొద్దున్న టిఫిను కూడా వాళ్ళదే. రెండు మంచాలు మాట్లాడేసి డబ్బు కట్టేశాను. ఫోటో చూపిస్తే తవిటమ్మ కళ్ళు పెద్దవి చేసింది.

"ఓలమ్మ! మంచం మీద మంచమేటి? పై మంచమోలు కింద పడితే?"

"పడరక్కా, కమ్మీ ఉంటుంది."

"టిఫినీ ఆలే పెడతారా?"

"వాళ్ళే పెడతారు."

"ఆలే వొండుతారా?"

"వాళ్ళే వండుతారక్కా!"

రెండు రోజుల్లో ఈ ప్రశ్న మూడుసార్లు అడిగింది. మూడోసారికి నాకు విసుగొచ్చింది. ఎందుకడుగుతోందో తర్వాత తెలిసింది. ఆవిడకి ఈ లోకం సంగతి నాకంటే బాగా తెలుసు.

ఇక ఊరు మొదలెట్టింది. మా ఊళ్ళో హాస్టల్ అంటే సర్కారు వారి పిల్లల హాస్టలే. తవిటమ్మ హాస్టల్‌కి వెళ్తోందంటే అందరూ ఒకే ప్రశ్న. "ఏ హాస్టల్లో కుదిరేవు తవిటమ్మా? వొంటకేనా? మన బడి ఒగ్గేస్తన్నావేటి?" ఆవిడ హాస్టల్‌కి వెళ్ళేది వండడానికి కాక ఇంకెందుకు? ఒక్కరికి కూడా వేరే ఆలోచన రాలేదు. స్టాఫ్ రూములో మా హెడ్మాస్టరు నారాయణమూర్తి గారు కళ్ళజోడు పైకి తోసి, "వంటావిడ టూరుకెళ్తే పిల్లల గతేం కానమ్మా?" అన్నారు. రెండో శనివారం సెలవండీ మహానుభావా అన్నాను. మహానుభావా అన్నది పైకే అన్నాను.

గణపతిరావు సంగతి చెప్పనే అక్కర్లేదు. చెడ్డవాడు కాదు. రెండెకరాల వరి, ఒక గేదె, తన పని తాను చూసుకునే మనిషి. కోతలైపోయి కుప్పలు వేసేశారు కాబట్టి పొలం పని సాకు చెప్పడానికి లేదు. అందుకని నేను వాళ్ళింటికి వెళ్ళిన రోజున గుమ్మంలో కూచుని వేరే దారిలో నరుక్కొచ్చాడు.

"ఏటే, హాస్టలికెల్తావా? నువ్వేమైనా సదువుకున్న గుంటవేటి?"

"తొంగోడానికి సదువెందుకు మావా?"

"ఇంటికాడ మంచం నేదేటి?"

"ఉన్నాది. దాని పక్కనే పొయ్యి ఉన్నాది."

"మరి నాకు కూడెవులు పెడతారు?"

"రెండు రోజులకి సద్ది కలిపి ఎలతాను. గిన్నె మూత తియ్యడం నీకొచ్చు గదా?"

గణపతిరావు నాకేసి తిరిగాడు. "ఇదంతా నీ పనే టీచరమ్మా" అన్నాడు. అవును, నా పనే అన్నాను. నా ఆరేళ్ళ ఉద్యోగంలో గర్వంగా ఒప్పుకున్న పని అదొక్కటే.

సామాను సర్దడం దగ్గర మా ఇద్దరికీ గొడవైంది. సర్కారు హాస్టల్‌లో చేరే పిల్లలు ఏం పట్టుకెళ్తారో తవిటమ్మకి కంఠతా వచ్చు. రేకుపెట్టె, తాళం, బొంత, బకెట్టు, చెంబు, పళ్ళెం, గ్లాసు. అన్నీ వరసగా పెట్టుకుని కూచుంది.

"అక్కా, ఒక్క రాత్రికి బకెట్టెందుకు? అక్కడుంటాయి."

"ఉంటాయని నువ్వు సూసేవేటి?"

"ఫోటోలో ఉంది."

"ఫోటోలో నీల్లు కూడా వొస్తన్నాయా?"

రేకుపెట్టె మానిపించడానికి ఒక సాయంత్రం పట్టింది. బకెట్టు మానిపించడానికి ఇంకొకటి. బొంత దగ్గర నేనే ఓడిపోయాను. అరకు చలి గురించి ఆవిడ మాటే నిజమైంది. పళ్ళెం దగ్గర మాత్రం అస్సలు కదల్లేదు. "ఒకరి కాడ తినడానికెల్తే నా పళ్ళెం నాకుండాల" అంది. సరే, ఇంట్లోంచి ఒకటి తెచ్చుకో అన్నాను. ఇంట్లో ఉన్నవన్నీ తిరగేసి చూపించింది. ఒకదాని మీద అత్తగారి పేరు, రెండింటి మీద గణపతిరావు పేరు, ఒకదాని మీద ఎవరి పెళ్ళిలోనో పంచిన వాళ్ళ పేరు. ఆవిడ పేరున్నది ఒక్కటీ లేదు.

టెక్కలి వెళ్ళాం. సామాన్ల కొట్టులో స్టీలు పళ్ళేలన్నీ వేలితో కొట్టి చూసి, అంచు లోతుగా ఉన్నది ఒకటి ఏరింది. పేరు కొట్టే అతను మిషను చేతిలోకి తీసుకుని అడిగాడు.

"మీ ఆయన పేరు సెప్పమ్మా."

"ఆయనకి కాదు."

"అబ్బాయిదా? ఎవులికైనా సదివింపులా?"

"నాకే. తవిటమ్మ అని కొట్టు. ఇంటిపేరొద్దు, ఆయన పేరొద్దు. వొట్టి తవిటమ్మ."

అతను ఒకసారి ఆవిణ్ణి, ఒకసారి నన్ను చూశాడు. అంత ఆశ్చర్యం దేనికో నాకర్థం కాలేదు. మిషను గిర్రుమంటుంటే ఆవిడ వంగి ఒక్కో అక్షరం చూసింది. చదువు రాదు, సంతకం వరకు వచ్చు. ఆ నాలుగక్షరాలు మాత్రం ఎక్కడ కనబడినా గుర్తుపడుతుంది. వేలితో తడిమి, పైట కొంగులో చుట్టి, ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకునే వచ్చింది.

అక్కడితో అయిందనుకున్నాను. బయల్దేరడానికి రెండు రోజుల ముందు వాళ్ళింటికి వెళ్తే పొయ్యి మీద బెల్లం పాకం. తవిటమ్మ పాకుండలు చేస్తోంది.

"ఇవెవరికక్కా?"

"ఎనిమిది మంచాలన్నావు గదా. మనిద్దరం పోతే ఆరుగురు. ఒకలింటికి ఉత్త సేతుల్తో ఎలతామా?"

"అది ఇల్లు కాదక్కా! వాళ్ళెవరో మనకి తెలీదు. తల కూడా ఎత్తి చూడరు, ఫోన్లు చూసుకుంటూ పడుకుంటారు."

"ఒక గదిలో తొంగుంటాం. తెల్లారి మొకాలు సూసుకోమేటి?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "వండకుండా ఉండడానికి కదా వెళ్తున్నావు? ఇంకా వండుతూనే ఉన్నావు!"

తవిటమ్మ చేతిలో ఉండ గుండ్రంగా చేస్తూ తల ఎత్తకుండా చెప్పింది. "ఇది వొంట కాదు టీచరమ్మా. ఇది నా ఇష్టం. నన్నెవులూ సెయ్యమన్లేదు." ఆ తేడా నాకు ఆ క్షణాన సరిగ్గా ఎక్కలేదు. ఆరు పొట్లాలు కట్టి పెద్ద స్టీలు కేనులో పెట్టింది.

శుక్రవారం బడి విడిచాక నౌపడలో పాసింజరు ఎక్కి కొత్తవలస వెళ్ళాం. మా అక్క వాళ్ళది అక్కడే. అరకు వెళ్ళే కిరండూల్ లైను విడిపోయేదీ అక్కడే. భోజనాల వేళకి తవిటమ్మ మా అక్క వంటింట్లోకి దూరబోయింది. నేను గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూచున్నాను. "అలవాటు టీచరమ్మా, సేతులూరుకోవు" అంది. ఊరుకోవాలి, రేపట్నుంచి పని అదే అన్నాను.

శనివారం పొద్దున్న కిరండూల్ పాసింజరులో కిటికీ పక్కన కూచోబెట్టాను. మొదటి సొరంగం రాగానే పెట్టె అంతా కేకలు. తవిటమ్మ అరవలేదు. చీకట్లో నా చెయ్యి పట్టుకుంది. వెలుతురొచ్చాక, "అయిపోయినాదా?" అంది. "మళ్ళీ వస్తుంది" అంటే చిన్నపిల్లలా సర్దుకుని కూచుంది. వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టి, ఇరవై దాటాక లెక్క తప్పిపోయి, తప్పిపోయినందుకు తనే నవ్వుకుంది. దారంతా పసుప్పచ్చగా వలిసె పూలు. ఆ నాలుగు గంటలూ ఎవరి మీదా నాకు కోపం లేదు.

హాస్టల్ బాగానే ఉంది. గోడల మీద రంగురంగుల బొమ్మలు, నేల మీద పరుపులు, మూల గిటారు. బల్ల వెనక చెవుల్లో ఏదో పెట్టుకున్న అమ్మాయి నన్ను చూసి, "వెల్కమ్ మేడమ్" అంది. నా వెనక బొంత, స్టీలు కేనుతో ఉన్న తవిటమ్మని చూసి ముఖం ఇంకా వెలిగింది.

"హమ్మయ్య, వచ్చావా! పొద్దుట్నుంచి నీకోసమే చూస్తున్నాం. కిచెన్ అటు వెనకమ్మా." అని లోపలికి కేక వేసింది. "సార్, వంటామె వచ్చేసింది!"

నాకు మేడమ్, మీరు. ఆవిడకి నువ్వు, వెనక గుమ్మం. చెరో మంచం ఒకే ధరకి కొన్న ఇద్దరం మేము. నా నోట్లోంచి ఏం మాటలొచ్చాయో అన్నీ ఇక్కడ రాయలేను. ఆ అమ్మాయి బిక్కచచ్చిపోయి, సారీ సారీ అంది. వాళ్ళ వంటమనిషి గురువారం మానేసిందట. కొత్తావిణ్ణి పంపిస్తామన్నారట, కేను చూసి ఆవిడే అనుకుందట. కేను చూసి! రైల్లో అలాంటి కేన్లు పట్టుకున్నవాళ్ళు ఇరవై మంది ఉన్నారు.

తవిటమ్మ అరవలేదు. కేను కింద పెట్టి నెమ్మదిగా చెప్పింది. "నాను వొంటకి రాలేదమ్మా. తొంగోడానికొచ్చినాను. నా మంచం ఏదో సూపించు."

ఆధార్ కార్డులు ఇచ్చాం. తవిటమ్మ కార్డులో పుట్టిన తేదీ జనవరి ఒకటి. మా ఊళ్ళో ఆవిడ ఈడు వాళ్ళందరూ జనవరి ఒకటినే పుట్టారు, రాసుకున్నవాళ్ళ పుణ్యమా అని. ఆ అమ్మాయి సంవత్సరం చూసి మళ్ళీ నీళ్ళు నమిలింది. ఈలోగా యజమాని వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నిక్కరు, మెళ్ళో పూసలు. చాలా మర్యాదగా మాట్లాడాడు. మర్యాదగా మాట్లాడే మనుషులతోనే నాకు భయం.

"సారీ మేడమ్, మా డార్మిటరీలో పద్దెనిమిది నుంచి నలభై ఐదు వరకే. సైట్‌లో రాసే ఉంటుంది, చూడలేదా?"

చూడలేదు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట. నాకు ముప్ఫై ఎనిమిది కాబట్టి నాకు మంచం ఉంది. తవిటమ్మకి లేదు.

"ఆంటీ కంఫర్ట్ కోసమేనండీ. యూత్ ఉంటారు, గోలగా ఉంటుంది."

"నూటెనభై మంది గుంటల మజ్జిన ఇరవయ్యేల్లు ఉన్నాను బాబూ" అంది తవిటమ్మ. "నాకు గోలేటి?"

అతను నవ్వాడు. ఆ నవ్వులోనే ఉపాయం తట్టినట్టుంది. "ఓ, స్కూల్లో వండుతారా? అయితే ఒక పని చేద్దాం ఆంటీ. కిచెన్ పక్కన చిన్న రూముంది. అందులో ఫ్రీగా ఉండండి, కట్టింది కూడా వెనక్కిచ్చేస్తాను. రేపు పొద్దున్న మా పదిహేను మందికి కాస్త టిఫిన్ చేసిపెట్టండి చాలు. మీకూ బాగుంటుంది, మాకూ బాగుంటుంది."

ఇక్కడ నిజం చెప్పాలి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, "అక్కా, పోనీ..." అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. రెండు రైళ్ళు మారి వచ్చాం, ఇంకెక్కడా మంచాలు లేవు, ఉప్మా చేయడం ఆవిడకి ఎంత పని? నేను నోరు తెరవలేదు. కానీ ఆవిడ నా ముఖం చదివేసింది. నాకేసి ఒక్క చూపు చూసి తల తిప్పుకుంది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

తవిటమ్మ వెళ్ళి గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూచుంది. ఒళ్ళో కేను పెట్టుకుంది.

"బాబూ, డబ్బులుచ్చుకున్నావు. మంచం ఇయ్యి. ఇయ్యనంటావా, నలభై అయిదు దాటిన మనిసి తొంగోకూడదని కాయితం మీద రాసి, సంతకం పెట్టియ్యి. మా ఊరట్టుకెలతాను. మా ఊరి ఆడోలందరికీ సూపిస్తాను. ఆలకి తెలీదు పాపం, ఇంకా తొంగుంటన్నారు."

అప్పుడే ఒక గుంపు సంచులతో లోపలికి వచ్చింది. వాళ్ళలో ఇద్దరు ఏం జరిగిందని అడిగారు. నేను చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పాను, చిన్నప్పట్నుంచి మా ఇంట్లో పనికిరాదన్న నోరు ఆ రోజు పనికొచ్చింది. యజమాని రెండు చేతులూ ఎత్తేశాడు.

"సరే సరే, ఉండండి ఆంటీ. కింది మంచమే ఇస్తాను. కానీ పొద్దున్న మాత్రం మీరే మమ్మల్ని కాపాడాలి!"

"నాను వొండను బాబూ" అంది తవిటమ్మ, అంత స్పష్టంగా.

"అలాగే అంటారు లెండి" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు వద్దన్నది ఎవరికి వినబడుతుంది?

గదిలో ఆరుగురు అమ్మాయిలు. తవిటమ్మ మంచం మీద బొంత పరిచి, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పొట్లం చేతిలో పెట్టింది. "తినమ్మా, మా ఊర్నుంచి తెచ్చినాను." నేననుకున్నట్టు ఎవరూ ఫోన్లలో తల దూర్చలేదు. ఒకతె పాకుండ కొరికి, "మా అమ్మమ్మ చేసేది" అని ఆగిపోయింది. ఇంకొకతె రెండోది అడిగింది. నేను తప్పు, తవిటమ్మ ఒప్పు, సంతోషంగా రాసుకుంటున్నాను. అంతలో పై మంచం మీద నుంచి ఒకతె వంగి అంది.

"రేపు టిఫిన్ మీరేనట కదా ఆంటీ! సార్ చెప్పారు. సూపర్!"

నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. అప్పుడే చాటింపు వేసేశాడన్నమాట. తవిటమ్మ దిండు సర్దుకుంటూ, "కాదమ్మా, నానూ మీలాగే తినడానికొచ్చినాను" అంది.

మర్నాడు ఆవిడ రోజూ లేచే వేళకే లేచి కూచుంది. మంచం కిర్రుమంటే నాకు మెలకువొచ్చింది. కాసేపు కూచుని మళ్ళీ పడుకుంది. నిద్రపోలేదు, కళ్ళు తెరుచుకునే ఉంది. అయినా బాగా తెల్లవారేదాకా మంచం దిగలేదు.

ఎనిమిదింటికి భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళాం. బల్ల చుట్టూ పదిహేను మంది కూచున్నారు, వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. కొత్త వంటమనిషి రాలేదు. యజమాని మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చాడు.

"ఆంటీ, రవ్వ, ఉల్లిపాయలు, మిరపకాయలు అన్నీ తీసి పెట్టాను. మీకు పావుగంట పని."

తవిటమ్మ ఒక కుర్చీ లాక్కుని కూచుంది. సంచిలోంచి పళ్ళెం తీసింది. కొంగుతో తుడిచింది. పేరున్న వైపు తనవైపుకి తిప్పుకుని బల్ల మీద పెట్టుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"టిఫినీ పెడతానని సెప్పి డబ్బులుచ్చుకున్నావు గదా బాబూ. పెట్టు."

అందరూ ఆవిడకేసే చూస్తున్నారు. కొందరు జాలిగా, కొందరు విసుగ్గా. ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఆ చూపులు నేనే భరించలేకపోయాను. పదిహేను మంది ఆకలితో ఉంటే కూచోవడం నాకూ చేతకాలేదు. మా అమ్మ పెంపకం అలాంటిది, ఏ అమ్మ పెంపకమైనా అలాంటిదే. "పోనీ నేను చేస్తాను" అని లేచాను. తవిటమ్మ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది.

"కూకో టీచరమ్మా."

కూచున్నాను.

యజమాని గొంతు మార్చాడు. "ఆంటీ, ప్లీజ్. చూడండి, పిల్లలు ఆకలితో ఉన్నారు."

ఎంత తెలివైనవాడో! ఇరవయ్యేళ్ళుగా ఆవిణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టిన మాట అదే. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకసారి కదిలాయి, నేను చూశాను. లేచేస్తుందనుకున్నాను. లేవలేదు. అతని ముఖంలోకి చూసింది.

"నానూ ఆకలితోనే ఉన్నాను బాబూ" అంది.

అతను వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలు పడ్డ చప్పుడు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు, మాడిన ఆవాల వాసన, దగ్గు. నిన్న మమ్మల్ని ఆహ్వానించిన అమ్మాయి కూడా లోపలికి పరిగెత్తింది. ముప్పావుగంటకి ఇద్దరూ చెమటలు కక్కుతూ గిన్నె పట్టుకొచ్చారు. అందరికీ వడ్డించి, చివరికి తవిటమ్మ దగ్గరికి వచ్చాడు. పళ్ళెంలో ఉప్మా వేశాడు. పేరు మీదే పడింది.

ఉండలు కట్టిన ఉప్మా. అడుగు మాడింది, ఉప్పు లేదు. బల్ల చుట్టూ చెంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కొందరు సగంలో లేచి బయట హోటలు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. తవిటమ్మ తింటోంది. కూచుని, తొందర లేకుండా, ఒక్కో ముద్దా. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తింటోంది. ఉప్మా అంతా తిన్నాక అడుగున నాలుగక్షరాలూ బయటపడ్డాయి.

"ఎలా ఉందక్కా?" అన్నాను.

"బాగులేదు" అంది. పళ్ళెం ముందుకి జరిపింది. "ఇంకొంచెం ఎయ్యి బాబూ."